లెచ్చె రాతి చర్చిల మధ్య అమ్మ తప్పిపోయిన సాయంత్రం

నేను ఎల్బీనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. మన్సూరాబాద్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ ఇంటాయన వచ్చినా ఒకటే మాట: "సార్, ముంగట రెండు రోమన్ పిల్లర్లు పడాలె, ఎలివేషన్ అదిరిపోవాలె." మూసలో పోసిన ఫైబర్ స్తంభాలు తెచ్చి అతికిస్తాం. తడితే డొల్ల చప్పుడు. అసలువి ఎలా ఉంటాయో ఒక్కసారైనా కళ్లారా చూడకపోతే ఈ పాపం పోదనిపించింది. రోమ్ ఎలాగూ అందరూ చూస్తారు. బూటు ఆకారపు ఇటలీకి మడమ దగ్గర పూలియా అనే ప్రాంతం ఉంది. అక్కడి లెచ్చె ఊళ్లో రాతి చెక్కడాలున్న చర్చిలు విపరీతంగా ఉంటాయని విని దాన్నే ఎంచుకున్నాను. ఆ సంగతి మా అమ్మ చెవిన పడింది. "గన్ని చర్చిలున్న ఊరికి నన్ను ఇడిసిపెట్టి పోతవారా?" అంది. డెబ్బై అయిదు దాటిన మనిషి, షుగర్ ఉంది, తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. అయినా వద్దనే ధైర్యం నాకు లేదు.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోమ్ చేరి, అక్కడ రైలెక్కితే లెచ్చెకు అయిదారు గంటలు. బారి ఊరికి విమానం దొరికితే ఇంకా హాయి. అక్కణ్నుంచి మామూలు రైల్లో రెండు గంటల లోపే, టికెట్ పన్నెండు యూరోలు దాటదు. మేం ఓ రాత్రి నిద్రపోయి, పొద్దున్నే పెద్ద చర్చి ఆవరణతో మొదలుపెట్టాం. మూడు వైపులా భవనాలు, లోపలికి రావడానికి ఒకే దారి, ఒక మూల ఆకాశంలోకి గంటల గోపురం. నాకు నవ్వొచ్చిన విషయం ఒకటుంది. ఆ చర్చికి అసలు ముఖద్వారం సాదాసీదాగా ఉంటుంది. మనుషులు వచ్చే దారికి ఎదురుగా ఉన్న పక్క గోడకు మాత్రం స్తంభాలు, విగ్రహాలు, పూలదండలు, సకల సోకులూ చేశారు. రోడ్డు ఫేసింగ్ పిచ్చి మన వనస్థలిపురంలో పుట్టిందనుకునేవాణ్ని. మూడు వందల ఏళ్ల కిందటే ఇక్కడ ఉందన్నమాట! పెద్ద చర్చిలన్నిటికీ కలిపి ఒకే టికెట్ ఇస్తారు, పది పదకొండు యూరోలు. చిన్నవాటికి టికెట్ లేదు, కాని మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు.

ఆ వేళకు ఒక సందులో భోజనానికి కూర్చున్నాం. ఆ ఊరి వంటకం తెచ్చారు: శనగలూ పాస్తా కలిపి, పైన కొంత పాస్తాను నూనెలో కరకరలాడేలా వేయించి చల్లారు. "శనగలల్ల మురుకులు ఇరిసి ఏసిన్రేందమ్మా?" అని అమ్మ వంటావిడను తెలుగులోనే అడిగింది. ఆవిడకు ఏం అర్థమైందో గాని, నవ్వి ఇంకో గరిటె వడ్డించింది.

సాయంత్రం శాంతా క్రోచే చర్చి ముందుకు వచ్చాం. ఇక్కడి సున్నపురాయి తేనె రంగులో ఉంటుంది. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. అందుకే శిల్పులు చేతికి హద్దు పెట్టుకోలేదు. పైన గుండ్రటి పెద్ద కిటికీ చుట్టూ పువ్వులు, పళ్లు, దేవదూతల పిల్లలు. మధ్యలోని బాల్కనీని వరసగా మనుషులూ మృగాలూ భుజాల మీద మోస్తుంటారు. ఒక్కొక్కడి ముఖంలో బరువు తెలుస్తోంది. వాటిని ఫోటోలు తీసుకుంటూ, "అమ్మా, వీడి మెడ చూడు, ఎట్ల వంగిందో" అన్నాను. వెనక్కి తిరిగితే అమ్మ లేదు.

అమ్మ ఫోను హోటల్లో చార్జింగ్‌లో ఉంది. అటు చివరిదాకా పరిగెత్తాను, ఇటు చివరిదాకా పరిగెత్తాను. గుమ్మం దగ్గర టికెట్లు చూసే ఆవిడకు అమ్మ ఫోటో చూపించాను. ఆవిడ నా ఫోన్లోని అనువాదం యాప్‌లో మాట్లాడితే అది ఇంగ్లీషులో చెప్పింది: "చీర కట్టుకున్న ఆవిడ లోపలికి రాలేదు. వచ్చి ఉంటే నేను మరిచిపోను." షుగర్ పడిపోతే ఎవరికి చెప్పుకుంటుంది? ఏ భాషలో చెప్పుకుంటుంది?

అప్పుడు గుర్తొచ్చింది మా ఇంటి చట్టం. 1969లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా సాగుతున్నప్పుడు అమ్మానాన్నలు నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవారు. నేనింకా అమ్మ కడుపులో ఉన్నాను. బస్సులు ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు కర్ఫ్యూ పెడతారో తెలియదు. "గడబిడ అయితే చర్చిల కూసో. నేనొచ్చేదాంక లేవకు" అని నాన్న చెప్పి ఉంచాడు. ఒకరోజు దవాఖాన నుంచి వస్తుంటే అన్నీ బంద్ అయిపోయి, అమ్మ అలాగే చర్చిలో కూర్చుంది. పొద్దుగూకాక నాన్న వచ్చి తీసుకెళ్లాడు. ఆ తర్వాత మేం ఎక్కడికి వెళ్లినా అదే మాట. తప్పిపోతే చర్చి.

చట్టం బాగానే ఉంది. కాని దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు అప్పట్లో తెలిసిన చర్చి ఒక్కటే. లెచ్చెలో సందుకొకటి!

ఇక లోపలికి తొంగిచూస్తూ కూర్చుంటే తెల్లారుతుందని గుమ్మాలే చూస్తూ పోయాను. మా పల్లెలో చెప్పులతో ఎవరూ చర్చిలోకి వెళ్లరు. పొద్దుట్నుంచీ నేనెంత మొత్తుకున్నా అమ్మ ప్రతిచోటా బయటే విడిచింది. మొదటి చర్చి మెట్ల మీద పావురాలు. రెండోదాని ముందు ఐస్‌క్రీం తింటున్న జంట. ఇంకో సందు మలుపులో, పేరు కూడా చూడని చిన్న చర్చి గడప పక్కన, గోడకు ఆనించి మా అమ్మ గోధుమరంగు చెప్పులు! ఆ ఊళ్లో అంతకంటే అందమైనది నేను చూడలేదు, ఒట్టు.

అమ్మ మూడో బెంచీలో కూర్చుని ఉంది. పక్కన ఒక ఇటలీ ముసలమ్మ. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. అమ్మ చేతిలో సగం తిన్న బిస్కెట్.

"ఏందిరా గింతసేపు?" అంది నన్ను చూసి. "గుంపుల వడి పక్క సందులకు పోయిన, నువ్వు కనవడలే. దగ్గర ఏది ఉంటే దాంట్లకొచ్చి కూసున్న."

"భయం కాలేదా?"

"ఎందుకు? ఒస్తవు గదా." నా ముఖంలోకి చూసింది. "ఏడుస్తున్నవా?"

"లేదమ్మా. ఉరికొచ్చిన. చెమట."

"మీ నాయన గూడ గా రోజు గిదే చెప్పిండు" అని అమ్మ చీర కొంగుతో నా ముఖం తుడిచింది.

ఆ రాత్రి నాకు అన్నం కంటే నిద్ర ఎక్కువ రుచించింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. లెచ్చె నుంచి చాలా ఫోటోలే తెచ్చుకున్నాను, ఇకమీద డొల్ల స్తంభాలు గీయాలంటే చేయి రాదేమో కూడా. కాని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పేరు తెలియని చర్చిలో అమ్మ ఏ తొందరా లేకుండా కూర్చున్న తీరు. ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఆమెకు యాభై ఏళ్లకు పైగా ఉంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం ఇప్పుడు నా వంతు అని ఆ సాయంత్రమే తెలిసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక సలహా: హోటల్ చిరునామా కాగితం వాళ్ల దగ్గర ఉంచండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో చోటు చూపించి మరీ బయల్దేరండి. మాకు ఆ సలహా కూడా అమ్మే ఇచ్చింది. మర్నాడు పొద్దున హోటల్ మెట్లు దిగుతూ ఆగి, "ఇయ్యాల నువ్వు తప్పిపోతే ఏ చర్చిల కూసుంటవో ముందుగాల చెప్పు, నేనొస్త" అంది.