చేతులు దులుపుకొనే పెద్దబాపు

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు. ఏ పని అయినా చివర రెండు చేతులూ దులుపుకొని "ఖతం" అనేవాడు. అన్నం తిన్నా అంతే, ఎవరితోనైనా కొట్లాడినా అంతే. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సారంగాపూర్ దగ్గర అడవి అంచున వాళ్లది పాత పెంకుటిల్లు. ఆ ఎండాకాలం ఒక ఉడుత అటకెక్కి, అక్కడ దాచిన బొంతల్లోంచి పత్తి పీకుతోంది. అది బయటికి వెళ్లేదాకా ఆయన కాపు కాసి, చూరు కింద కంతను సిమెంటుతో మూసేశాడు.

"ఉడ్త బయట వడ్డది, బొక్క మూసిన. ఖతం."

ఉడుత మాత్రం పోలేదు. చూరు పొడుగునా ఉరుకుతూ ఒకటే అరుపు.

"లోపట పిల్లలున్నట్టున్నయి, జర సూడుండ్రి," అంది పెద్దమ్మ.

"ఉంటే ఉండనియ్. సిమెంటు ఆరాలె," అని ఆయన మంచమెక్కాడు.

పసికూనల మీద గోడ కట్టి గుర్రుపెట్టి నిద్రపోయాడు! ఏం మనిషండీ!

పెద్దమ్మ నిచ్చెన వేసుకొని, పచ్చి సిమెంటును కొడవలితో గీకి పారేసింది. ఉడుత లోపలికి దూరి, కళ్లు తెరవని పిల్లను నోట కరుచుకొని చింతచెట్టు మీదికి ఉరికింది. మళ్లీ వచ్చి ఇంకోదాన్ని పట్టుకుపోయింది. అటక ఖాళీ అయ్యాక పెద్దమ్మే ఆ కంతను మళ్లీ మూసింది.

అప్పుడు లేచి వచ్చాడు ఆయన. పెద్దమ్మ వేళ్లకు ఇంకా సిమెంటు అంటుకునే ఉంది. చేతులు మాత్రం ఆయనే దులుపుకున్నాడు.

"చెప్పిన గదా, ఒక్కటి గూడ లేదు. ఖతం."