మిషను నూనె, వాన చైను

సైకిల్ చైనుకు నూనె వేయడానికి మేస్త్రి చేసే హడావుడి చూస్తే కొత్తవాళ్లకు నవ్వు ఆగదు. ముందు కళ్లజోడు తుడుచుకుంటాడు. తరువాత సన్నటి ముక్కున్న నూనె డబ్బా తీసుకుని స్టూలు మీద సర్దుకుని కూర్చుంటాడు. పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ లింకుకు ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటే, జారవిడుస్తాడు. నూట పన్నెండు లింకులకు నూట పన్నెండు చుక్కలు. మధ్యలో ఎవరైనా పలకరించారో, లెక్క తప్పిందని చైను మొత్తం తుడిచి మళ్లీ మొదటికొస్తాడు. అందుకే వీధిలో ఆయనకు చుక్కల మేస్త్రి అని పేరు పడిపోయింది. ఆయన ఎదుటే అంటారు. ఆయనకు అదొక బిరుదు.

ఆ డబ్బాలో ఉండేది కుట్టుమిషను నూనె. మేస్త్రి భార్య బట్టలు కుడుతుంది. ముందుగదిలో ఆయన సైకిల్ రిపేరు కొట్టు, వెనకగదిలో ఆమె మిషను. పెళ్లయిన కొత్తలో ఆమె మిషనుకు రెండు చుక్కలు వేయగానే అంత ఇనుమూ చప్పుడు లేకుండా తిరగడం చూసి ఈయనకు మతిపోయింది. ఆనాటి నుంచి ముప్పై ఏళ్లుగా మరో నూనె ముట్టుకోలేదు. చిక్కటి నూనెల పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. "అది నూనె కాదండీ, జిగురు. దుమ్ముని పిలిచి కుర్చీ వేస్తుంది" అనేవాడు. పొడి రోజుల్లో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన చేతిలో పడ్డ చైను అద్దంలా ఉండేది, ఎవరి బట్టలకూ మరక అంటేది కాదు. అయితే పొడి రోజుల్లో నిజమైంది వాన రోజుల్లోనూ నిజమేనని ఆయన అనుకున్నాడు. అనుకున్నాక ఇంక అంతే. మేస్త్రి తప్పు ఒప్పుకోగా చూసినవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. చక్రం వంకరపోతే రోడ్డు తప్పు, ట్యూబు పేలితే ఎండ తప్పు.

ఒక్కతే కూతురు. ఆ ఏడు వానలు మొదలైన వారంలో ఆమెకు పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. ముందు మూడు నెలలు పనితీరు చూస్తారు, నచ్చితే ఖాయం చేస్తారు. ఆఫీసు ఐదు మైళ్ల దూరం, వంతెన దాటి ఒక ఎత్తు ఎక్కాలి. పొద్దున ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి. మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని పై అధికారిణి మొదటిరోజే మొహం మీద చెప్పేసింది. మేస్త్రి మాత్రం ఏమాత్రం కంగారుపడలేదు. కూతురి సైకిల్ తన చేత్తో బిగించాడు, చైనుకు తన చుక్కలు తానే వేశాడు. ఇంక ఆలస్యమెందుకవుతుంది?

పది రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున, టీ గ్లాసుతో బయటికి వచ్చిన మేస్త్రి కూతురి సైకిల్ దగ్గర ఆగిపోయాడు. చైను నిండా చిక్కటి నల్లటి నూనె. వేలితో తాకితే తీగలా సాగింది. కన్నకూతురు ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని వేరే కొట్టుకు వెళ్లిందన్నమాట! నిలదీసి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. కిమ్మనకుండా కిరోసిన్, బ్రష్షు తెచ్చాడు. చైను తళతళలాడేదాకా కడిగి, తుడిచి, నూట పన్నెండు చుక్కలు వేశాడు. అంతా అయ్యాక తలెత్తితే గుమ్మంలో భార్య.

"దానికి చెప్పకు. నా మీద ఒట్టు" అన్నాడు.

ఆమె ఏదో అనబోయి, నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి తెల్లవారుజామున చూస్తే మళ్లీ అదే జిగురు. మళ్లీ కడిగాడు. ఆ మరుసటిరోజూ అంతే. ఇలా రోజూ సాగుతుండగానే ఒకరోజు వంతెన మీద చైను ఊడి అమ్మాయికి మొదటి ఆలస్యం పడింది. నాలుగు రోజులకు తుప్పు పట్టి లింకు బిగుసుకుపోయి రెండోది పడింది. మేస్త్రికి ఇందులో అనుమానమే లేదు. జిగురు చేసిన పనే ఇది.

ఆ రెండోది పడిన సాయంత్రం అమ్మాయి తడిసి ముద్దయి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. స్టూలు మీద కూలబడింది.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది నాన్నా."

మేస్త్రి ఇక ఆగలేకపోయాడు. "ఎవడమ్మా వాడు?"

"ఎవరు?"

"నీ బండికి ఆ జిగురు పూసేవాడు. ఏ కొట్టు వాడు?"

"కొట్టూ లేదు, ఎవరూ లేరు. నేనే వేసుకుంటున్నా." సంచీలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "స్టేషను దగ్గర పెద్ద షాపులో అడిగి తెచ్చుకున్నా. వానలో తిరిగే చైన్లకి ఇదే వేయాలన్నారు. నీ నూనె వానకి ఆగట్లేదు నాన్నా. చెప్తే బాధపడతావని చెప్పలేదు. తీరా చూస్తే ఇదీ దండగే. సాయంత్రం బోలెడంత పోస్తున్నానా, తెల్లారేసరికి ఎవరో కడిగేసినట్టు పోతోంది."

వెనకగదిలో మిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంక నావల్ల కాదు" అంది. "సాయంత్రం నువ్వు పోస్తావు, తెల్లారి ఆయన కడుగుతారు. నాన్నకి చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావు. నీకు చెప్పొద్దని ఆయన వేయించుకున్నారు. మీ ఇద్దరి గుట్టూ మోయలేక నా ప్రాణం పోతోంది."

అమ్మాయి తండ్రి వైపు చూసింది. "నువ్వా నాన్నా!" అంది, అంతే.

"నేను కడగబట్టే ఈమాత్రమైనా తిరిగింది!" అని మేస్త్రి గొంతు పెంచాడు. "ముప్పై ఏళ్లుగా నేను వేసే నూనె..."

"ఏవండీ" అంది భార్య, గొంతు పెంచకుండానే. "నా మిషను వానలో కుట్టదు కదా."

మేస్త్రి ఆ మాట నిజమని ఒప్పుకోవడం చేతకాక గొడుగు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సెలవు. పొద్దుటినుంచే వాన దంచికొడుతోంది. మేస్త్రి ఎవరికీ చెప్పకుండా కూతురి సైకిల్ తీశాడు. బిగుసుకున్న లింకు కదిలించి, తన నూనె లెక్కప్రకారం వేసి, ఆమె రోజూ వెళ్లే దారినే బయలుదేరాడు. తన మాటే నెగ్గుతుందని ఇంకా ఆశ. మొదటి మైలు చైను చప్పుడే లేదు. మేస్త్రి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు కూడా. సంత దాటాక కిచకిచమంది. వంతెన మీద కీచుమని ఏడ్చింది. ఎత్తు ఎక్కుతుంటే కటుక్కుమని ఊడింది. దిగి, తడిచేతులతో ఎక్కించాడు. పది గజాలు పోయాక మళ్లీ ఊడింది. ఈసారి వేలు చితికింది.

నిన్న పొద్దున తన బిడ్డ ఇక్కడే ఇలాగే వంగుని ఉంటుంది. ఒక కన్ను చైను మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టుకుని. దాని ఉద్యోగానికి పరాయివాడెవడూ గండి కొట్టలేదు. రోజూ తెల్లవారుజామున లేచి, ప్రేమగా, లెక్కపెట్టి మరీ తానే కొట్టాడు. ఆ ఎత్తు మీద, వానలో నిలబడి మేస్త్రి ఏడ్చాడు.

ఇంటికి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా, "ఆ సీసా ఇలా ఇయ్యమ్మా" అన్నాడు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని దాని మీద రాసిందంతా చదివాడు. ఒక చుక్క పాత లింకు మీద రాసి దాన్ని నీళ్లలో ముంచి తీశాడు. నీళ్లు జారిపోయాయి, నూనె కదల్లేదు.

"నూనె మంచిదే" అన్నాడు. ఆ రెండు ముక్కలూ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. "ఎలా వేస్తున్నావు?"

"ఇంటికి రాగానే పోసేస్తున్నా."

"తడి చైను మీదే?"

"ఊఁ."

"అయ్యో తల్లీ! లోపల నీళ్లుండగా పైన నూనె పోస్తే, నీళ్లని లోపలపెట్టి తలుపేసినట్టే కదా. తుప్పు పట్టక ఏం చేస్తుంది?" మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. చెప్పడానికి తన దగ్గర కూడా ఒక ముక్క మిగిలి ఉంది మరి. పాత గుడ్డతో చైను తుడవడం చూపించాడు. గాలి తగిలేచోట పూర్తిగా ఆరనిచ్చాడు. "ఇప్పుడు వెయ్యి. లోపలివైపు, లింకుకి ఒక్క చుక్క. పెడలు తిప్పు, లోపలికి దిగనీ. కాసేపాగి బయట ఉన్నదంతా తుడిచెయ్యి. బయట మిగిలిందంతా మట్టికి భోజనం."

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు చైను ముందు కూర్చుని చేసిన గోలకు మిషను చప్పుడు కూడా వినిపించలేదు.

మరుసటి తెల్లవారుజామున మేస్త్రి అలవాటుగా లేచాడు. చెయ్యి దానంతటదే కిరోసిన్ డబ్బా మీదికి వెళ్లింది. చైను నల్లగా కనబడుతుంటే ఆయనకు ఒళ్లంతా దురదగానే ఉంది. రెండు చేతులూ చంకల్లో దోపుకుని, కూతురు బయలుదేరేదాకా మెట్టు మీద కదలకుండా కూర్చున్నాడు. కూతురి కోసం జీవితంలో చాలా పనులు చేశాడు గానీ, ఏమీ చేయకుండా ఉండడమంత కష్టం ఏదీ కాలేదు. వానలు ఇంకో రెండు నెలలు కురిశాయి. చైను మళ్లీ ఊడలేదు.

మూడో నెల చివర అమ్మాయి ఒక కాగితం తెచ్చి తండ్రి చేతికిచ్చింది. ఉద్యోగం ఖాయం. మేస్త్రి గట్టిగా, భార్యకు వినబడేలా చదివాడు. ఒకచోట ఆగిపోయాడు. 'రెండుసార్లు ఆలస్యంగా హాజరైనది' అని రాసి ఉంది.

"ఇవి నావమ్మా" అన్నాడు. "ఇక్కడ నీ పేరు ఉండకూడదు. నేనొచ్చి మీ మేడమ్‌గారికి చెప్తాను."

"తడి చైను మీద పోసింది నేనే కదా నాన్నా. నీకొకటి, నాకొకటి. చెరిసగం."

మేస్త్రి చెరిసగానికి ఒప్పుకోలేదు. రెండూ తనవేనని పట్టుబట్టాడు.