బానెట్ కింద ఇసుక మూటలు

చెన్నై నుంచి వచ్చిన పెద్దమనిషి మా పాత కారు బానెట్‌కు చుట్టిన తీగలను ఒక్కొక్కటే తెంపుతుంటే నేనూ తమ్ముడూ చెరో కర్ర పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డాం. అందులో పాము దూరిందని మా చిన్నప్పుడు అమ్మే ఆ తీగలు కట్టించింది. ఇన్నేళ్లలో ఎవరూ విప్పలేదు. ఆఖరి తీగ తెగింది. ఆయన రెండు చేతులతో బానెట్ పైకెత్తి, అలాగే పట్టుకుని, మా వైపు తిరిగాడు.

"ఇంజన్ ఏదండీ?" అన్నాడు.

మేం కర్రలు పడేసి దగ్గరికి వెళ్లాం. పాము లేదు. ఇంజనూ లేదు. ఇంజన్ ఉండాల్సిన చోట నాలుగు ఇసుక మూటలు పొందికగా పేర్చి ఉన్నాయి. ముందు భాగం తేలికైపోయి కారు పైకి లేవకుండా ఎవరో తెలివిగా బరువు పెట్టారని ఆయన చెప్పాడు.

ఆ కారు మా తాత కొన్నది. మదనపల్లెలో పనిచేసి తన దేశానికి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు డాక్టరు దగ్గర తీసుకున్నాడట. చిత్తూరు పక్కన మా ఊళ్లో దాన్ని దొరబండి అనేవారు. అలాంటివి మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయని చెన్నై ఆయన మాట. పాత కార్లను బాగుచేయడమే ఆయన పని. మా మామిడితోట మీదుగా కొత్త రోడ్డు పడుతోంది. కారున్న షెడ్డు ఆ రోడ్డులో పోతుంది. అందుకే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. బాగుచేయించి నాయన గుర్తుగా ఉంచుకుందామని తమ్ముడు. తిరుపతిలో స్కూటర్ పెట్టుకోవడానికే చోటులేని మనకు అదెందుకు, విడిభాగాలు కావలసినవాళ్లకు ఇచ్చేద్దామని నేను. ఆ సంగతి మీద ఇద్దరం నెల రోజులుగా పోట్లాడుకుంటున్నాం. తీరా చూస్తే లోపల గుండెకాయే లేదు.

"ఎవుడో దొంగనాకొడుకు ఎత్తకపోయినాడక్కా," అని తమ్ముడు ఊగిపోయాడు. "పోలీస్ స్టేషన్‌కు పోదాం పా."

మూటల మూతులకు కట్టిన గుడ్డపేలికల మీదే నా చూపు ఉంది. దుమ్ము కొట్టుకుపోయినా నేరేడుపండు రంగు తెలుస్తోంది, తెల్ల చుక్కలూ తెలుస్తున్నాయి. ఆ చీర కట్టుకునే అమ్మ నన్ను తిరుపతి హాస్టల్లో చేర్చడానికి వచ్చింది.

సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని నానబెట్టిన అనపగింజల తొక్క పితుకుతోంది. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. తమ్ముడు నోరు తెరిచేలోపే నేను అడిగాను.

"మా, కారులో ఇంజన్ యాడ?"

అమ్మ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

"సూసినారా," అంది.

"నువ్వు తీయించినావా?"

"నేనే."

తమ్ముడు కూలబడ్డట్టు కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ గిన్నె పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది. నాయన తుంటి ఎముక విరిగి వేలూరు ఆస్పత్రిలో పడుకున్న సంవత్సరం అది. నేను హాస్టల్లో, తమ్ముడు అమ్మమ్మ దగ్గర. చెరకు నరికించి గానుగ దగ్గర వేయించిన మరునాడే గానుగ ఇంజన్ కాలిపోయింది.

"నరికిన సెరుకు ఎన్ని దినాలుంటాది? ఎండిపోతా ఉండాది. ఆడ మీ నాయన మంచం మీద. ఊళ్లో ఏ ఇంజనూ దొరకలా. కార్లో ఉండేది ఇంజనే గదా అనిపించింది. మెకానిక్కును పిలిపించి తీయించేసినా. అది కిరసనాయిలు మీద ఆడింది, గానుగ తిరిగింది, బెల్లం అయ్యింది. ఆ బెల్లంతోనే మీ నాయన లేసి నిలబడినాడు."

"మళ్లీ పెట్టించలేదెందుకు?"

"పెట్టిద్దామనే ఉన్న్యా. ఇంగ ఆయప్ప కాలు క్లచ్చు తొక్కలేదని డాక్టర్లు సెప్పిరి. కారు మీద ఆయప్పకు ఎంత పానమో మీకు తెలుసు గదా. సెప్పడానికి నోరు రాలా. పామని సెప్పి తీగలు సుట్టించేసినా." గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుని అంది, "ఆయప్పకు తెలీకుండానే పోయినాడు. అదొక్కటే నాకు నెమ్మది."

ఆయుధపూజ నాడు నాయన ఆ కారుకు చేసే మర్యాద మాకు తెలుసు. తానే తడిగుడ్డతో తుడిచి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. కర్ర పక్కన పెట్టి స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. అమ్మ షెడ్డు గుంజ పట్టుకుని నిలబడి ఉండేది. పూజ అయ్యేదాకా ఎందుకు కదిలేది కాదో ఆ సాయంత్రం తెలిసింది. వట్టి ఇసుక మూటలకు మా నాయన అన్నేళ్లు హారతి పట్టాడని తలుచుకుంటే ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఇంజన్ ఇంకా ఆ గానుగ దగ్గరే ఉందని అమ్మ చెప్పింది. మరునాడు ముగ్గురం వెళ్లాం. చెరకుపిప్పి ఎండబెట్టిన కళ్లం, పొయ్యి మీద ఉడుకుతున్న పాకం, ఆవిరి. గానుగాయన వయసులో నాయన కన్నా కొంచెం చిన్న. అమ్మను చూసి ఎదురొచ్చాడు. ఇప్పుడు కరెంటు మోటారు ఉందట, కరెంటు పోయినప్పుడు మాత్రం పాత ఇంజన్ ఆడిస్తాడట. రేకుల కింద ఒక మూల ఉంది. నేను తుక్కు ఇనుము లాంటిది చూస్తాననుకున్నాను. నూనె రాసి, గోనెపట్టా కప్పి, పెళ్లికూతురిలా ఉంది.

"బాగా సూసుకున్న్యావు," అంది అమ్మ.

"నాదేముంది వదినా. అంతా అన్న సూసుకునిందే."

"ఏ అన్న?"

"మా అన్నే. మీ ఇంటాయన."

అమ్మ అర్థం కానట్టు చూసింది. ఆయన అమ్మకు తెలిసిన సంగతే చెబుతున్నట్టు మామూలుగా చెప్పుకుపోయాడు. నాయన ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో కర్ర పట్టుకుని రోడ్డున పోతూ ఆగిపోయాడట. గానుగ దగ్గరికి వచ్చి, "ఇది నా బండి సప్పుడు గదప్పా," అన్నాడట. గానుగాయన జరిగిందంతా చెప్పేశాడట.

"తిడతాడనుకున్న్యా వదినా. అన్న ఆ పిప్పి కుప్ప మీద కూసోని శానాసేపు దాని సప్పుడు ఇంటా ఉండిపోయినాడు. పోయేటప్పుడు ఒకే మాట సెప్పినాడు. 'నాకు తెలిసినట్టు ఆమెకు తెలీకూడదు. దిక్కు తోసక సేసింది. తెలిస్తే నా ముందర తల ఎత్తుకోని తిరగలేదు,' అన్న్యాడు. ఆ పొద్దు నుంచీ ప్రతి యేడూ గానుగ ఆడే దినాల్లో వచ్చేటోడు. ఇంజనాయిలు ఆయన్నే తెచ్చేటోడు. నట్లు ఆయన్నే బిగించేటోడు. పోయేముందరన్నా అన్నే నీకు సెప్పుంటాడనుకున్న్యానే?"

నేను అమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"బెల్లం తెచ్చేదానికి పోతా ఉండాడనుకున్న్యా," అంది, తనలో తనే.

గానుగాయన తప్పు చేసినవాడిలా అయిపోయి, ఏం చేయాలో తెలియక హ్యాండిల్ తిప్పి ఇంజన్ స్టార్ట్ చేశాడు. అది దగ్గి, ఊగి, అందుకుంది. ఆ శబ్దం నేను పుట్టి బుద్ధెరిగాక విన్నదే, కానీ గుర్తుపట్టలేకపోయాను. తమ్ముడు కళ్లు తుడుచుకుంటున్నాడు. అమ్మ మాత్రం వెనక్కి తిరిగి ఆటో వైపు నడిచింది.

ఆటో దిగి తిరుపతి బస్సెక్కాం. ఏడుస్తుందనుకున్నాను. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ అరిచింది. అమ్మ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"ప్రతి ఆయుధపూజకూ నేను పానాలు గుప్పెట్లో పెట్టుకోని నిలబడినా! బానెట్ తెరుస్తాడేమో, అడుగుతాడేమో అని సస్తా ఉన్న్యా! అంతా తెలిసి, హారతి పట్టి, నాకు కర్పూరం పళ్లెం ఇచ్చినాడే! ఒక్క మాట, 'తెలుసులేమే' అనుంటే నోటి ముత్యాలు రాలతాయా?"

నేనూ తమ్ముడూ నాయన చేసినది ఎంత గొప్ప పనో అని దారిలో అనుకుంటూ వచ్చినవాళ్లం. అమ్మ వైపు నుంచి అది ఇలా ఉంటుందని మాకు తట్టనే లేదు.

రెండు రోజులు అమ్మ గదిలోంచి సరిగా బయటకు రాలేదు. ఈలోగా మా ఇద్దరి మాటలూ తారుమారయ్యాయి. కరెంటు మోటారు ఉంది కాబట్టి ఇంజన్ తీసుకుపొమ్మని గానుగాయన ఫోన్ చేశాడు. సొంత ఇంజనే దొరికితే కారును మళ్లీ నడిచేలా చేయగలనని చెన్నై ఆయన సంబరపడ్డాడు. అప్పటిదాకా విడిభాగాలు అమ్మేద్దామన్న నేను, బాగుచేయిద్దామన్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"నాయనకు కావాలంటే ఎప్పుడో పెట్టించుకోనుంటాడక్కా. ఆయప్పే వద్దనుకున్న్యాడు."

చివరికి అమ్మనే అడిగాం. మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"ఇప్పించేయండి, ఎవురికి ఏ ముక్క పనికొస్తే అది," అంది. "దాన్ని రోడ్డు మీద సూస్తే మీకు మీ నాయన గుర్తొస్తాడేమో. నాకు నా బయ్యం గుర్తొస్తాది."

"ఇంజన్?"

"అది ఆడనే ఉండనీ. అది అబద్దమాడలా. పని సేసింది."

కారు విప్పే రోజు తానూ వస్తానంది. వద్దన్నా వినలేదు. కోయంబత్తూరులో ఒకాయన దగ్గర ఇలాంటి కారే తలుపులు లేకుండా ఉందట. మా కారు తలుపులు, ముందు ఇరుసు దానికి వెళ్తాయి. దీపాలు, అద్దం చెన్నై ఆయన బాగుచేస్తున్న మరోదానికి. పనివాళ్లు మొదట ఇసుక మూటలు దించబోతే అమ్మ వాళ్లను ఆపి, తానే ఒక్కొక్క పేలిక ముడి విప్పింది. ఇసుక అక్కడే నేల మీద పోయించింది. స్టీరింగ్ ఊడదీసేటప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. అమ్మ తిప్పుకోలేదు. మజ్జిగ కలిపి తెచ్చానని, పని కాసేపు ఆపి తాగమని వాళ్లను పిలిచింది.

సామాను ఎక్కించుకున్న లారీ చిత్తూరు రోడ్డెక్కి పోయింది. షెడ్డును తర్వాతి వారం రోడ్డువాళ్లు పడగొట్టారు.

ఇప్పుడు పొద్దున దీపం పెట్టేటప్పుడు అమ్మ నాయన ఫోటోతో మాట్లాడుతోంది. మాట్లాడటం కాదు, తగువు. ఆయన బతికుండగా ఎదురుచెప్పి ఎరగని మనిషి. నేను వంటింట్లో పాలు కాచుకుంటూ వింటుంటాను. కూర గురించి, మనవడి మార్కుల గురించి మొదలై ఎక్కడో ఒకచోట గొంతు పెరుగుతుంది. నిన్న నేను వెళ్లేసరికి పటానికి పూలు పెడుతూ, "ఇంగేమి దాసి పెట్టినావో ఇప్పుడైనా సెప్పు," అంటోంది.