చాచా అరచేతికి వినపడిన ఇంజిన్

చాచా పోయారన్న వార్త వచ్చినప్పుడు నేను అల్లం చేలో ఉన్నాను. వీపున పవర్ స్ప్రేయర్ మోగుతుంటే జేబులో ఫోన్ మోత వినపడలేదు. మందు అయిపోయి ఇంజిన్ ఆపాక చూసుకుని, వాళ్ల పెద్దబ్బాయికి తిరిగి చేశాను. "మా అబ్బా పొద్దుగాల్ల పోయిండన్నా. దోపారి నమాజ్ అయినంక తీస్కపోతం" అన్నాడు. స్ప్రేయర్ గట్టు మీద దించేసి బయల్దేరాను.

చాచా నాకు చుట్టం కాదు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన ఆయనదొక రేకుల షెడ్డు. అల్లం, చెరకు వేసే మాలాంటివాళ్ల స్ప్రేయర్లు ఆయన చేతి చలవతోనే బతికాయి. నాది మా నాన్న కొన్న పాత టూ స్ట్రోక్. దాన్ని పాత ఇనుముకు వేసెయ్యమని చెప్పనివాడు ఆయనొక్కడే.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది వానల్లో. అల్లానికి ఆకుమచ్చ అంటుకుంది, వాన తెరిపిచ్చింది, ఆ కాస్త సందులోనే మందు కొట్టాలి. ఇంజిన్ మాత్రం లేవనంటుంది. షెడ్డు ముందు కసిగా తాడు లాగుతూనే ఉన్నాను. చాచా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఇడిచిపెట్టు బేటా. ఎంత గుంజితే గంత పెట్రోల్ల మునుగుతది. చాయ్ తాగి రా, దాని కోపం, నీ కోపం రెండూ దిగుతయ్."

తాగి వచ్చేసరికి ప్లగ్గు విప్పి ఎండలో పెట్టారు. నల్లగా, జిడ్డుగా ఉంది. "పెట్రోల్ల ఆయిల్ జర ఎక్కువ పోస్తున్నవ్ కదా?"

"ఇంజిన్ అరగొద్దని చాచా."

"ముద్దు చేసినవన్నట్టు. ముద్దు ఎక్కువైతే గిట్లనే మొండికేస్తది" అని నవ్వారు. మా ఊళ్లో అందరం చేసే పనే అది. దూడకు తవుడు పెట్టినట్టు ఇంజిన్‌కు ఆయిల్ పోసేవాళ్లం.

ఆయన ముందుగా కార్బొరేటర్ జోలికి వెళ్లేవారు కాదు. "ముందుగాల ముక్కు జూడాలె" అంటూ గాలి ఫిల్టర్ దులిపేవారు. తర్వాత ట్యాంకు మూత రంధ్రం, ఆ తర్వాత ప్లగ్గు. అది చాయ్ రంగుకు తిరిగితే ఇంజిన్ కడుపు చల్లగా ఉన్నట్టేనట. అన్నీ అయ్యాకే స్క్రూ మీద చెయ్యి వేసి, తల వంచి వింటూ తిప్పేవారు. తడబడే ఇంజిన్ ఒక్కసారిగా గొంతు సవరించుకునేది. ఆ క్షణం ఆయన మొహం చూడాలి.

కొన్నేళ్లకు ఒకరోజు, ఆయన వెనకే లారీ ఒకటి చెవులు పగిలేలా హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. చాచా తలైనా తిప్పకుండా ప్లగ్గు తుడుస్తూనే ఉన్నారు. తలెత్తి నా మొహం చూడగానే, నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది.

"నీకొక్కనికే చెప్తున్న బేటా, ఎవ్వరికి చెప్పకు. చెవులు ఇనరానోనికి ఇంజిన్ ఎవలిస్తరు?" పని లేకపోతే చాచా ఒక్క వారం కూడా బతకరని నాకు తెలుసు. నోరు కట్టేసుకున్నాను.

అప్పటి నుంచి ఎడమ అరచేయి ట్యాంకు మీద ఆనించి, కుడిచేత్తో స్క్రూ తిప్పుతూ నా మొహంలోకి చూసేవారు. మోత సాఫీ కాగానే నేను తలూపేవాణ్ని. ఆయన చెయ్యి అక్కడే ఆగేది. ఎవరైనా వస్తుంటే ముందే లేచి ఎదురెళ్లి మాటల్లో పెట్టేవాణ్ని. ఆయన గుట్టు కాపాడుతున్నది నేనొక్కణ్నేనని నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఆ మధ్యాహ్నం ఖబ్రస్తాన్‌లో మట్టి వేసి బయటికి వచ్చాక, స్ప్రేయర్ల వాళ్లం గేటు పక్కన ఒకచోట చేరాం. న్యాల్‌కల్ చెరకు రైతు ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక దాసి ఏం ఫాయిదా? చాచాకు చెవులు ఇనరాకుండె. నాకొక్కనికే ఎర్క. నా దిక్కు చూసేటోడు, నేను తలూపేటోన్ని."

రాయికోడ్ నుంచి వచ్చినాయన తెల్లబోయాడు. "నీకొక్కనికేనా? నాకు గూడ గట్లనే చెప్పిండు గదా!"

పక్కనున్న పెద్దాయన మెల్లగా తలూపాడు. ఆయన వెనకున్న మనిషీ ఊపాడు. నేనూ తలూపాను.