బెర్తా ఇల్లు విప్పిన వారం

మా బార్బడోస్‌లో కూలివాడి ఇంటికి పునాది ఉండదు. సున్నపురాళ్ళు పేర్చి వాటి మీద చెక్క ఇల్లు నిలబెట్టుకోవడమే. నేల తోటదొరది, ఇల్లు మాత్రం మనది. దొరకు కోపం వస్తే కప్పు విప్పి, గోడలు ఊడదీసి, బండికెత్తుకుని ఇంకో దొర నేల వెతుక్కోవాలి. అందుకే మా వడ్రంగులు మేకులు కూడా తేలిగ్గా ఊడేలా కొడతారు. బానిసత్వం పోయి వందేళ్ళయ్యాక మాకు దక్కిన స్వేచ్ఛ అంతమాత్రం!

ఇల్లు విప్పే రోజున ఎవరినీ పిలవనక్కర్లేదు. సుత్తి చప్పుడు వినబడితే చాలు, మనతో మాటలు లేనివాడు కూడా చేతిలో పని వదిలేసి వస్తాడు. ఒక్క గోడ దింపాలన్నా నలుగురు మగాళ్ళు కావాలి మరి. వచ్చినవాళ్ళకు ఇంటామె పెద్ద గిన్నెడు మొక్కజొన్న సంకటీ, ఉప్పుచేప పులుసూ వండి పెడుతుంది. ఆల్బర్తా గ్రీనిడ్జ్ తన జీవితంలో ఇలా ఎందరి చెక్కలు మోసిందో ఆమెకే గుర్తులేదు. ఊరంతా ఆమెను బెర్తక్క అనేది.

ఫెయిర్‌మీడ్ తోటలో పుట్టింది. పాలపళ్ళు ఊడే వయసులోనే కూలిపిల్లల ముఠాలో చేరి చెరకు సాళ్ళలో గడ్డి పీకింది. కట్టుకున్నవాడు పనామా కాలువ పనికి పోయి, కొండలు పేల్చి, ఆ కష్టమంతా పెట్టి మంచి దేవదారు చెక్క కొని ఈ ఇల్లు కట్టాడు. అందులో ఎక్కువ కాలం ఉన్నదీ లేదు, దగ్గి దగ్గి పోయాడు. ఇద్దరు పిల్లలు నడక రాకముందే విరేచనాలు పట్టుకుని పోయారు. ఇక మిగిలింది ఇల్లే. ఆదివారం గుడి నుంచి రాగానే గోడలన్నీ తడిగుడ్డతో తుడిచేది.

"మొగుణ్ణి కూడా ఇంతలా తోమి ఉండవే బెర్తక్కా!" అని పక్కింటి యూనా ఏడిపించేది.

"తోమితే తెల్లబడి మేనేజరయ్యేవాడేమో. బుద్ధి లేకపోయింది" అనేది బెర్తా.

పంతొమ్మిది వందల ముప్పై ఏడులో పట్నంలో జనం తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆ వారమే పల్లెల్లోనూ ఓపిక నశించింది. ఆకలి కడుపులు పట్టపగలే తోటల్లో పడి చిలగడదుంపలు తవ్వుకున్నాయి. ఫెయిర్‌మీడ్‌లో మొదట గునపం వేసినవాడు యూనా తమ్ముడు ప్రెస్టన్. ఆ సాలుకు అవతల బెర్తా గడ్డి కోస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె తల దించుకుని తన పని తాను చేసుకుపోయింది.

మర్నాడు మేనేజరు హాగర్ట్ దొర ఆమెను పిలిపించాడు. పొద్దున్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా తన బంగళా మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత తీరిగ్గా బయటికొచ్చాడు.

"నీ ఇల్లు ముచ్చటగా ఉంటుంది బెర్తా. అది అక్కడే ఉండాలని నా కోరిక. కోర్టులో ఒక్క పేరు చెప్పు, చాలు."

"నేను గడ్డి చూసుకుంటున్నాను దొరగారూ."

"కోర్టులో గుర్తొస్తుందిలే."

ఆ మరుసటి రోజు పోలీసులొచ్చి ప్రెస్టన్‌ను పట్టుకుపోయారు. ఇంకేముంది, ఊరు తీర్పు చెప్పేసింది. యూనా వీధిలో నిలబడి గొంతు చించుకుంది.

"నా తమ్ముణ్ణి అమ్ముకున్నావు కదే! ఈ చెక్కల కొంప కోసం! ఇందులోనే పడి చావు!"

"నేనేం చెప్పలేదే యూనా, దేవుడి తోడు."

"మరి పొద్దంతా దొర మెట్ల మీద ఏం చేశావు? జపమా?"

ఊరికే కూర్చున్నానంటే నమ్మేదెవరు? బెర్తా లోపలికి పోయి తలుపేసుకుంది.

విచారణ పట్నంలో. వెళ్ళినవాడికి తోటలో పనీ, నేలా రెండూ పోతాయని అందరికీ తెలుసు. ఊళ్ళోంచి ఎవరూ కదల్లేదు. తోడబుట్టిన యూనా కూడా కదల్లేదు. బెర్తా మాత్రం దొర పిలిపించిన సాక్షిగా నిలబడి, బైబిలు మీద చెయ్యి పెట్టి "నేనెవర్నీ చూడలేదు" అంది. అబద్ధమాడితే నరకమని మనసా వాచా నమ్మే మనిషి. అయినా మాట మార్చలేదు. కానీ తోట కాపలావాడు చూశానన్నాడు. జడ్జికి అదే చాలింది. ప్రెస్టన్‌కు జైలు పడింది.

శనివారం లోగా ఇల్లు ఎత్తెయ్యమని హాగర్ట్ కబురు పంపాడు. ఊరు దానికీ అర్థం చెప్పుకుంది. "పని తీరింది, దొర తన్ని తగలేశాడు. తగిన శాస్తి!" జనానికి అనుమానం పుట్టడమే ఆలస్యం, ఏ గాలి వీచినా దానికే సాయం వస్తుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

సోమవారం బెర్తా సంకటి వండింది. పులుసు దించింది. నిచ్చెనేసుకుని కప్పు మీద సుత్తి వేసింది. ఎదురింట్లో కిటికీ మూసుకుంది. ఇంకా గట్టిగా కొట్టింది. చెరకు చేల దాకా వినబడే ఉంటుంది. ఒక్కరూ రాలేదు. చివరికి దిగి, గాడిదబండి ఫిట్జ్ ఇంటికి తనే వెళ్ళింది.

"చక్రం విరిగిందక్కా" అన్నాడు ఫిట్జ్.

చక్రం ఇద్దరి ముందే నిక్షేపంగా ఉంది.

"ఏ చక్రంరా?"

"వెళ్ళక్కా. నన్నీ ఊళ్ళో బతకనీ."

ఆ పూట సంకటి పందులకు పోసింది. తర్వాత ఒక్కతే కప్పు విప్పింది. చెక్కలు నెత్తిన పెట్టుకుని, ఎవరికీ పనికిరాని సముద్రపు గుట్ట మీదికి మోసింది. దారిలో పిల్లలు వెంటపడి "దొర పెళ్ళాం! దొర పెళ్ళాం!" అని అరిచేవారు. తల్లులు విన్నారు, వారించలేదు. శుక్రవారం పెద్ద గోడ ఊడదీస్తుంటే అది ఆమె మీదికే ఒరిగింది. తుంటి విరిగింది. కేకలు వేసింది. మొదటి కేకకూ ఎవరూ రాలేదు, రెండో కేకకూ రాలేదు. అటుగా పోతున్న పాస్టరు గారి బండివాడు చూసి, బీదల శరణాలయానికి చేర్చాడు.

వానలు మొదలయ్యాయి. ఊళ్ళో ఎండుపుల్ల దొరకని రోజులు. బెర్తా ఇంటి చెక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఏ పొయ్యిలోకి పోయాయో అందరికీ తెలుసు.

శిక్ష ముగించుకుని ప్రెస్టన్ తిరిగొచ్చాడు. రమ్ము కొట్లో జనం చుట్టుముట్టి వీపు తట్టారు. అతను గ్లాసు ముట్టకుండా అడిగాడు.

"బెర్తక్క ఇల్లేదీ?"

"ఆ ద్రోహి పేరెత్తకురా" అన్నాడు ఫిట్జ్.

"ద్రోహియా? నన్ను పట్టించింది కాపలావాడు. బెర్తక్క నన్ను చూసింది. నేనూ ఆమెను చూశాను. అయినా నా ఎదురుగా బైబిలు పట్టుకుని చూడలేదంది. ఏం, మీలో ఒక్కరికీ తెలీదా?"

వీపు తట్టిన చేతులన్నీ వెనక్కి పోయాయి.

ఆదివారం ఊళ్ళో సగంమంది కొబ్బరి రొట్టెలు కట్టుకుని శరణాలయానికి వెళ్ళారు. బెర్తా మంచానికే అతుక్కుపోయి ఉంది. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. యూనా మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"తప్పయిపోయిందక్కా. మళ్ళీ ఇల్లు కడతాం. చెక్క తెస్తాం, అందరం తలో చెయ్యి వేస్తాం."

"ఎవరుంటారు అందులో?" అంది బెర్తా. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. తర్వాత యూనా చెయ్యి పట్టుకుంది.

"మంచి చెక్క యూనా అది. మా ఆయన ఏరి ఏరి తెచ్చాడు. బాగా మండిందా?"

ఎవరూ తలెత్తలేదు. ఏడుపు మధ్య యూనా ఒక్కతే జవాబు చెప్పింది.

"బాగానే మండిందక్కా."