రెండో ప్రతివాది పేరు

2008 జూన్‌లో నన్ను కుప్పం నుంచి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా పాతదే, ఎన్‌ఫోర్స్‌మెంట్ డిప్యూటీ తహసీల్దారు. పేరు పొడుగే గాని పని పౌరసరఫరాలది. చౌకధరల దుకాణాల తనిఖీ, కిరోసిన్, గ్యాసు ఏజెన్సీలు, బియ్యం లారీలు. కుప్పంలో సరిహద్దు దాటే బియ్యం వెంట జీపులో తిరిగి తిరిగి నాకు నడుము నొప్పి పట్టుకుంది. మదనపల్లెలో కాస్త కూర్చునే పని దొరికితే బాగుండుననుకున్నాను. దొరికింది. వినియోగదారుల సలహా కేంద్రమని ఒక గది, ఒక బల్ల, నాలుగు కుర్చీలు చూపించి, మిగతా పనులతో పాటు వారానికి ఒక పూట అక్కడ కూర్చోమన్నారు.

ఆ కేంద్రం ఏం చేయగలదో ముందే చెప్పాలి, ఎందుకంటే వచ్చేవాళ్లలో చాలామంది మమ్మల్ని కోర్టు అనుకునేవారు. మాకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. బజారులో ఎవరైనా నాసిరకం సరుకు అంటగడితే దుకాణదారును పిలిపించి మాట్లాడేవాళ్లం. రేషను, గ్యాసు తనిఖీలు చేసే మనిషిని కాబట్టి మిక్సీలు అమ్మేవాడు కూడా నన్ను చూసి కొంచెం తగ్గేవాడు. నిజానికి మిక్సీల మీద నాకు ఏ అధికారమూ లేదు. ఆ సంగతి వాడికి నేను చెప్పేదాన్ని కాదు. మాటతో తేలకపోతే జిల్లా వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు రాసి ఇచ్చేవాళ్లం. దానికి వకీలు అక్కరలేదు. ఎవరు కొన్నారు, ఏం కొన్నారు, ఏం జరిగింది, ఇప్పుడు ఏం కావాలి, ఇంతే. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లను ప్రతివాదులంటారు. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే ఒకటో ప్రతివాది, రెండో ప్రతివాది అని వరసగా నంబర్లు వేస్తారు.

రెడ్డెప్ప నా బల్ల దగ్గరికి వచ్చింది ఆ వానాకాలంలో. యాభై దాటిన మనిషి. పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె వాళ్లది. వెంట భార్య ఈశ్వరమ్మ ఉంది. అతని కుడిచెవికి నల్లటి చిన్న పరికరం తగిలించి ఉంది, అందులో నీలం లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆఫీసరు ముందుకు వచ్చి చెవిలో ఫోను పెట్టుకుని కూర్చోవడమేమిటని నాకు చిరాకేసింది. ముందు అది తీసి మాట్లాడప్పా అన్నాను, కొంచెం గట్టిగానే. అతను భార్య మొహం వైపు చూశాడు.

"దాని గురించే వచ్చినామమ్మా" అంది ఈశ్వరమ్మ. "అది చెవి మిషనంట. రాత్రంతా కరెంటు పెడతాండాము. లైటయితే వస్తాండాది. మాట మాత్రం ఇనపడలేదంటాడు."

అది వినికిడి యంత్రం కాదు. సెల్‌ఫోను జేబులోనే ఉంచి మాట్లాడుకోవడానికి చెవికి తగిలించుకునే బ్లూటూత్. మా వాడి దగ్గర అలాంటిదే ఉండేది గనక చూడగానే తెలిసింది. ఆ మాటే చెప్పాను. ఈశ్వరమ్మ భర్తవైపు తిరిగి, పెదవులు బాగా కదిలిస్తూ ఒక్కొక్క మాటే చెప్పింది. అతను దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. కొత్తలో ఏమీ వినపడదు, పెట్టుకోగా పెట్టుకోగా చెవికి అలవాటవుతుందని ఎవరో చెప్పారట. ఆ నమ్మకంతో నెల పైగా దాన్ని చెవికి పెట్టుకుని తిరిగాడు.

"మార్కెట్లో అందురూ సూస్తానే ఉండారు కదమ్మా. ఒగరన్నా సెప్పలేదే" అన్నాడు.

వాళ్ల తప్పేమీ లేదు. రెడ్డెప్ప సోకు కోసం ఫోను మిషను కొన్నాడనుకున్నారు వాళ్లంతా.

అతని పని ఏమిటో తెలిస్తే గాని ఆ చెవి విలువ తెలియదు. మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీలో అతను వేలం పాడేవాడు. మండీ అంటే రైతు తెచ్చిన కాయను వేలంలో అమ్మిపెట్టే కొట్టు. కాయల పెట్టెలు వరసలుగా పేర్చి ఉంటాయి, కొనేవాళ్లు చుట్టూ మూగుతారు, పాడేవాడు ధర కేక వేస్తూ వరస వెంట నడుస్తాడు. కేక ఎవరైనా వేస్తారు. కొనేవాళ్లు మాత్రం గట్టిగా అరవరు. పక్కవాడికి తెలియకూడదన్నట్టు నోట్లోనే ఒక అంకె అంటారు, తమిళంలో ఒకరు, కన్నడంలో ఒకరు. ఆ గొణుగుడు పట్టుకోవడమే అసలు పని. రెడ్డెప్ప పెళ్లికి ముందు నుంచీ ఆ పనే చేస్తున్నాడు, ఇంకో పని నేర్చుకోలేదు.

ఆ వేసవిలో ఒకనాడు వెనక నుంచి ఎవరో పెంచిన పాట అతనికి వినబడలేదు. తంబళ్లపల్లె రైతు సరుకుకు తక్కువ ధరకే పాట ముగించి కొట్టేశాడు. రైతు ఊరుకుంటాడా, చొక్కా పట్టుకున్నాడు. మండీ యజమాని చెడ్డవాడు కాదు. చెవి బాగు చేయించుకుని రమ్మన్నాడు, వచ్చే సీజను మొదలయ్యేదాకా నీ చోటు ఇంకొకరికి ఇవ్వనని మాటిచ్చాడు, అప్పటిదాకా పెట్టెలు ఎత్తించే పని చూసుకోమన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, నరం దెబ్బతింది, మందులతో కుదిరేది కాదు, యంత్రం పెట్టుకోవాల్సిందే అన్నాడు.

యంత్రాల షాపులో చెప్పిన ధర రెడ్డెప్ప వల్ల కాలేదు. పుంగనూరు బస్టాండు దగ్గర చలపతి అని ఒకతను ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. అతను కంప్యూటర్లో అలాంటి మిషనే సగం ధరకు చూపించాడు. ఆ రోజుల్లో పల్లెల్లో కార్డు ఎవరికుంది? చలపతి తన కార్డు మీద, తన పేరున, తన చిరునామాకు ఆర్డరు పెట్టేవాడు, తెప్పించుకునేవాళ్లు డబ్బు అతని చేతికిచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చాలామందికి అలాగే తెప్పించాడు. మధ్యలో పైసా మిగుల్చుకోలేదు. ఇంకొకరి వస్తువు తాను విప్పడం మర్యాద కాదని, వచ్చిన పార్శిలు సీలు కూడా తీయకుండా రెడ్డెప్ప చేతిలో పెట్టాడు. లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంది. రెడ్డెప్ప దాన్ని మడిచి పెట్టెలోనే దాచాడు.

బిల్లు చూశాను. అందులో వినికిడి యంత్రమనే ఉంది. పెట్టెలో వచ్చింది ఇది. ఇంత తేలికైన కేసు నా బల్ల మీదికి ఇంతవరకు రాలేదనుకుని, ఆఫీసు ఫోను నుంచి అప్పుడే కంపెనీకి చేశాను. ఉత్తరాదిన ఎక్కడో ఉంది అది. ఫోను ఎత్తిన అమ్మాయి, ఆర్డరు పెట్టిన మనిషే తన ఈమెయిలు నుంచి రాయాలి, ఈ రెడ్డెప్ప ఎవరు, మీరెవరు అంది. పైగా చెవిలో పెట్టుకున్న వస్తువు వెనక్కి తీసుకోరట. నేను డిప్యూటీ తహసీల్దారునని చెప్పాను. ఆ మాటకు బజారులో ఉన్న విలువ ఫోనులో లేదు.

నేను చెప్పగా చలపతి ఈమెయిలు రాశాడు, జవాబు రాలేదు. రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించాం. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది గాని జవాబు మాత్రం రాలేదు. ఇక మిగిలింది ఫోరమే. చట్టం రెడ్డెప్ప వైపే ఉంది. వినియోగదారుడంటే డబ్బిచ్చి కొన్నవాడు ఒక్కడే కాదు, కొన్నవాడి సమ్మతితో ఆ వస్తువు వాడుకునేవాడు కూడా. అయితే ఈ వస్తువు రెడ్డెప్ప కోసమే కొన్నానని బిల్లులో పేరున్న మనిషి ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. దాన్నే అఫిడవిట్టు అంటారు. ఒక పేజీ కాగితం.

పుంగనూరులో చౌకదుకాణాల తనిఖీకి వెళ్లినప్పుడు ఆ పేజీ పట్టుకుని చలపతి సెంటరుకు వెళ్లాను. గౌరవంగా కూర్చోబెట్టి టీ తెప్పించాడు. సంతకం మాట ఎత్తేసరికి అతని మొహం మారింది. తెలిసిన వకీలు ఎవరో చెవిలో వేశాడట, సంతకం పెడితే లైసెన్సు లేకుండా ఇతరులకు సరుకు తెప్పించే వ్యాపారం చేస్తున్నానని నీ అంతట నువ్వే ఒప్పుకున్నట్టు, పన్నులవాళ్లు వస్తారు, పోలీసులు వస్తారు అని.

"నాకు కోర్టొద్దు మేడమ్. కావాలంటే ఆయప్ప దుడ్లు నేనే ఇచ్చేస్తా" అన్నాడు.

ఆ మాట అంతకుముందే రెడ్డెప్పతో అన్నాడట, రెడ్డెప్ప పుచ్చుకోనన్నాడట. సాక్షికి ఏమీ కాదని చలపతికి ఎంత నచ్చజెప్పినా తల ఊపాడే గాని పెన్ను ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. చెడ్డవాడు కాదు, వట్టి పిరికివాడు.

ఇలాంటి చోట ఫిర్యాదులు రాసేవాళ్లందరికీ తెలిసిన దారి ఒకటుంది. సాక్షిగా రానివాణ్ణి ప్రతివాదిగా చేర్చడం. కంపెనీ ఒకటో ప్రతివాది, చలపతి రెండో ప్రతివాది. ఫోరం నుంచి నోటీసు వస్తే అతను రాక తప్పదు, వచ్చి తాను ఎవరి కోసం కొన్నాడో చెప్పక తప్పదు. దూరాన ఉన్న కంపెనీ తప్పించుకున్నా, దగ్గరున్నవాడి నుంచి వసూలు చేసుకోవచ్చు కూడా. ఏ వకీలును అడిగినా ఇదే చెబుతాడు. నేను అలాగే రాసి, మొగుడూ పెళ్లాలను పిలిపించి చదివి వినిపించాను. ఈశ్వరమ్మ వాక్యం తర్వాత వాక్యం అతనికి అందించింది.

"ఆ రెండో పేరు తీసేయండమ్మా" అన్నాడు రెడ్డెప్ప.

ఎందుకని అడిగాను. అతను మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మాట్లాడాడు. "ఆయప్ప నాకు మేలు చేయబోయి ఇరుక్కున్యాడు. బయపడినాడు, అంతే. మా పిల్లోళ్ల రిజల్టు సూడాలన్నా, పొలం కాయితాలు తియ్యాలన్నా ఊరంతా ఆయప్ప కాడికే పోతాది. నా వల్ల కోర్టుకు ఎక్కినాడంటే, రేపు ఇంగెవురికన్నా ఏమన్నా చేస్తాడా? తప్పు కంపినీ వానిది. వాని మీద రాయండి."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రెండో ప్రతివాది అంటే దొంగ అని కాదయ్యా, కాగితంలో ఒక నంబరు అంతే అన్నాను. సీజను ఎంతో దూరం లేదు, నీ చోటు పోతుంది అని కూడా అన్నాను. ఈశ్వరమ్మ ఆ చివరి మాట అతనికి అందించలేదు.

"ఆ సంగతి ఆయనకు తెలుసునమ్మా" అంది నాతో. "నేను రాయమనే సెప్తిని. చెవులు బాగుండేటప్పుడే నా మాట ఇనలేదు, ఇప్పుడింటాడా."

ఆ పేరు కొట్టేసి ఫిర్యాదు కంపెనీ ఒక్కదాని మీదే వేశాం. కంపెనీ వకీలు రాతపూర్వకంగా జవాబు ఇచ్చాడు. ఈ రెడ్డెప్ప ఎవరో మాకు తెలియదు, మేము అమ్మింది చలపతికి, అతను తెచ్చి అమ్ముకునే వ్యాపారి, అతన్ని చేర్చకుండా ఈ కేసు నిలవదు అని. వాయిదాలు నడిచి, చివరికి ఆర్డరు వచ్చింది. అవసరమైన కక్షిదారును చేర్చలేదు గనక ఫిర్యాదు కొట్టివేస్తున్నాం, చేర్చి మళ్లీ వేసుకోవచ్చు అని ఉంది అందులో. చట్టం ప్రకారం ఆ ఆర్డరులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. ఒక్క పేరు చేరిస్తే చాలు. కాగితం సిద్ధం చేసి కబురు పెట్టాను. రెడ్డెప్ప రాలేదు. ఈశ్వరమ్మ ఒక్కతే వచ్చి, ఆయన ఒప్పుకోలేదని చెప్పి, ఆ బ్లూటూత్ నా బల్ల మీద పెట్టి, ఇంట్లో దీన్ని చూస్తా ఉండలేనమ్మా అంది. ఏడవలేదు.

సీజను మొదలైంది. మండీ యజమాని తన మాట మేరకు అంతవరకూ ఆగి, తర్వాత కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నాడు. మూడు భాషలూ వచ్చినవాడట.

కొన్నాళ్లకు పుంగనూరు పని మీద వెళ్లి చలపతి సెంటరు ముందు ఆగాను. అద్దం తలుపు మీద కాగితం అంటించి ఉంది, ఇతరుల కోసం ఆర్డర్లు పెట్టబడవు అని. లోపలికి వెళ్లి, రెడ్డెప్ప నీ పేరు ఎలా తీయించాడో, దానివల్ల ఏమైందో చెప్పాను. చలపతి తల ఎత్తకుండా ప్రింటరులో కాగితాలు సర్దుకున్నాడు. ఎవరి కోసం రెడ్డెప్ప అంత మొండికెత్తాడో ఆ ఊళ్లవాళ్లకు కూడా ఆ తలుపు మూసుకుపోయింది. ఇదంతా చూశాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఏడాది ఆసుపత్రిలో ఉచితంగా వినికిడి యంత్రాలు ఇచ్చే శిబిరం పెట్టారు. నేను రెడ్డెప్పకు మనిషిని పంపించాను. వచ్చి కొలతలు ఇచ్చాడు, యంత్రం తీసుకున్నాడు. ఆ రోజు నేను తనిఖీలో ఉండి కలవలేకపోయాను.

నిత్యావసరాల ధరలు సేకరించి పైకి నివేదిక పంపడం కూడా మా పనే. అందుకోసం ఒక ఉదయం టమాటా మార్కెట్‌కు వెళ్లాను. గేటు దగ్గర లారీలను లోపలికి వదిలే మనిషి లేచి దండం పెట్టాడు. రెడ్డెప్ప. చెవి వెనక గోధుమరంగు యంత్రం ఉంది. బాగున్నావా అని మామూలు గొంతుతోనే అడిగాను. వెంటనే జవాబు చెప్పాడు, ఎవరి పెదవుల వైపూ చూడకుండా.

"బాగా ఇనపడతాండాదమ్మా. ఆడ మండీలో పాడేదంతా ఈడికి ఇనపడతాండాది" అన్నాడు. లోపలి కేకల వైపు కొంచెం తల తిప్పి ఆగాడు. "తొందరపడి కొట్టేసినాడు సూడు. ఇంగ రొంత సేపు ఆగింటే రైతుకు ఇంకో మాట వచ్చుండు."

బయట లారీ హారన్ కొట్టింది. అతను గేటు తీయడానికి వెళ్లాడు.

ఆ తర్వాత పదవీ విరమణ చేసేదాకా గ్రామసభల్లో రెండు మాటలు చెబుతూ వచ్చాను. వస్తువు ఎవరు వాడతారో బిల్లు వాళ్ల పేరునే ఉండాలి. పార్శిలు వచ్చిన రోజే తెలిసినవాళ్ల ముందు విప్పాలి. ఇవి ఎవరైనా చెబుతారు. నా పనిలో నేను మార్చుకున్నది ఇంకొకటి. అంతకుముందు ఫిర్యాదు రాయడానికి కూర్చుంటే, ఎవరి మీద రాయాలి అని మొదట అడిగేదాన్ని. తర్వాత ఎవరి మీద రాయకూడదు అని మొదట అడిగేదాన్ని. దాదాపు ప్రతి మనిషీ ఒక పేరు చెప్పేవాడు.