లేబుల్ కింది వెన్నుపూస

మా వదిన ఒక సాయంత్రం కుడి భుజం మీద "స్త్రీ, 71, దగ్గు" అని రాసిన లేబుల్ అంటించుకుని బస్సులో ఇంటికి వచ్చింది. వదిన వయసు నలభై ఎనిమిది. దగ్గు లేదు. లేబుల్ చదివిన ఒకాయన లేచి సీటిచ్చాడు. పక్కనున్నావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు జరిగింది. లోకంలో మంచితనం ఇంకా మిగిలి ఉందనుకుని వదిన విశాలంగా కూర్చుంది.

ఇంటికొచ్చాక దాన్ని నేను చూశాను. ఆ లేబుల్ మా అమ్మది. పది రోజులైనా దగ్గు తగ్గలేదని ఆ ఉదయమే వదిన తను పనిచేసే ఆసుపత్రికి అమ్మను తీసుకెళ్ళి ఛాతీ ఎక్స్‌రే తీసింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఉద్యోగం అదే. "గాలి పీల్చండి, బిగబట్టండి, వదలండి." ఇంట్లో మూడోది చెప్పడం మరిచిపోతుందని మా అన్నయ్య గొణుగుతుంటాడు. ఫిల్మును మాకు చూపించి రేపు తిరిగి ఇచ్చేస్తానని వదిన రిపోర్టుతో పాటు తెచ్చింది. రిపోర్టులో ఒకటే వాక్యం: ఊపిరితిత్తులు బాగున్నాయి.

"నా వయసు ఊరంతా చాటి వచ్చావన్నమాట," అంది అమ్మ.

"ఊరంతా ఎక్కడత్తయ్యా, ఒక్క బస్సేగా."

ఊడిన లేబుల్‌ను మళ్ళీ అంటిద్దామని వదిన ఫిల్ము తీసి కిటికీకి ఆనించింది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రే అది. లేబుల్ ఎప్పుడూ వెనక వైపు కింది మూల ఉంటుంది. ఇప్పుడక్కడ వెన్నుపూసలు కనపడుతున్నాయి. పైవన్నీ పేర్చిన ఇటుకల్లా చక్కగా ఉన్నాయి. లేబుల్ కింద దాగిన ఒక్కటి మాత్రం ముందు వైపు నొక్కుకుపోయి, తలుపు కొట్టుకోకుండా కింద దూర్చే చెక్కముక్కలా ఉంది.

వదిన ఫిల్మును వంటింట్లో ట్యూబులైటు కింద చూసింది. చాలక ఫ్రిజ్ తలుపు తీసి ఆ వెలుతురులో చూసింది.

"ఫ్రిజ్‌లో పెడితే నయమవుతుందా వదినా?"

"మరిదిగారూ, మీ వేళాకోళం తర్వాత. అత్తయ్యకు నడుం నొప్పి ఎప్పట్నుంచి?"

"బకెట్ ఎత్తినప్పట్నుంచి. రెండు నెలలు. వయసు మీద పడిందని అందరం అన్నాంగా."

"మరి అల్మరా?"

అల్మరాది పెద్ద కథ. పై అరలో డబ్బా అమ్మకు అందడం మానేసింది. కోడలు ఎవర్నో పిలిపించి గోడకు బిగించిన అల్మరాను పైకి జరిపించిందని అమ్మ అభియోగం. తగువెందుకని నేను కూడా "జరిపే ఉంటుందిలే" అన్నాను. పాపం, అల్మరా జరగలేదు. అమ్మే కుంగింది.

ఎముకలు గుల్లబారితే పూస నలగడానికి బకెట్ నీళ్ళు చాలట. మందు పడకపోతే ఆ పక్క పూస కూడా నలిగిపోవచ్చట. అది చెప్పినప్పట్నుంచి వదిన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కూర్చుంటుంది, లేస్తుంది, అమ్మ వంగితే చాలు ఉలిక్కిపడుతుంది. ఆవిడను నిలవనీయనిది ఇంకొకటుంది. లేబుల్‌కు ఆ మూలను ఎంచుకున్నది తనే. ఊపిరితిత్తులకు అడ్డం రాకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టిన అలవాటు.

"ఎంతమంది నడుములు కప్పెట్టానో," అంది, అన్నం కలిపిన చేయి కంచంలోనే ఎండిపోతుండగా.

మర్నాడు చిక్కొచ్చిపడింది. ఎక్స్‌రేలో ఏముందో చెప్పే అధికారం వదినకు లేదు. అది రిపోర్టు రాసే డాక్టరు పని. ఒకసారెప్పుడో "సార్, ఇక్కడేదో..." అని వేలు పెట్టబోతే, "నువ్వు తియ్యమ్మా, చదవడానికి నేనున్నాను" అన్నాడాయన. ఆయన రాయనిదే అమ్మకు మందు మొదలవదు. వదిన ఆయన గది ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి లోపలికి వెళ్ళింది. తర్వాతిదంతా ఆవిడే మాకు అభినయించి మరీ చూపించింది.

"సార్, ఈ ఫిల్ములో పూసలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాకు తేలట్లేదు. కాస్త లెక్కపెట్టి పెడతారా?"

"ఇన్నేళ్ళ సర్వీసులో పూసలు లెక్కపెట్టడం రాలేదా అమ్మా?"

"రాలేదు సార్."

ఆయన జాలిపడి పెన్ను తీసుకున్నాడు. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండు మీద పెన్ను ఆగిపోయింది. వదిన సీలింగు ఫ్యాన్ వైపు చూస్తూ నిలబడింది.

"నిన్న ఇది లేదే."

"లేబుల్ కింద ఉంది సార్. అంటించింది నేనే."

ఆయన ఫిల్మును లైటుకు దగ్గరగా జరిపి, "పైన పూసలు కనపడుతూనే ఉన్నాయిగా, లెక్కపెడితే ఒకటి తక్కువని తెలిసేది. దగ్గని రాసుందని నేను అసలు వెన్ను వైపే చూడలేదు," అని రిపోర్టులో రెండో వాక్యం రాశాడు.

అమ్మకు ఎముకల గట్టిదనం చూసే పరీక్ష చేశారు, మందు మొదలైంది. బకెట్లు నాకు సంక్రమించాయి. వదిన మాత్రం కుదురుకోలేదు. భోజనం వేళల్లో స్టోర్‌రూమ్‌లో దూరి, అరవై దాటిన వాళ్ళ పాత ఫిల్ములు తీసి, ఒక్కో లేబుల్ ఊడదీసి అదే ఫిల్ము పై మూలన, గడ్డం కింద ఖాళీలో అంటించడం మొదలుపెట్టింది. "మళ్ళీ లెక్క తప్పిందా?" అంటూనే డాక్టరు వాటన్నిటినీ చదివాడు. నలభై ఒక్క మందికి పూసలు నలిగి ఉన్నాయి. అందరికీ రమ్మని కబురు వెళ్ళింది.

వచ్చిన వాళ్ళలో సగం మంది పోట్లాటకే వచ్చారు. ఆ రోజు అమ్మను చూపించడానికి తీసుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన ఎక్స్‌రే గది గుమ్మంలో నిలబడి, "ఆర్నెల్ల కిందట దగ్గని వస్తే ఇప్పుడు పిలిచి నడుం సంగతి చెప్తారేంటమ్మా, నేనడిగానా?" అన్నాడు.

"దగ్గును మీరు తీసుకొచ్చారు, నడుం దానంతటదే వచ్చిందండీ," అంది వదిన.